16 మీటర్ల స్ట్రిప్ లైటుకి 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ చాలుతుందా?

కావలి హాలు:
హాలు 14×12 అడుగులు. పీవోపీ సీలింగ్ అంచున నాలుగు వైపులా స్ట్రిప్ వేయాలి, కొలిస్తే 16 మీటర్లు. షాపులో 12 వోల్టులది చూపించారు, రీలు మీద మీటరుకి 9.6 వాట్లని ఉంది. 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి 230 వోల్టుల కరెంటుని 12కి మార్చే డబ్బా) చాలన్నారు. దాన్ని అటక మీద పెడితే సీలింగ్ మూలకి 6 మీటర్ల వైరు పడుతుంది. సరిపోతుందా?

ఒంగోలు వైరింగ్:
చాలదన్నా. 9.6ని 16తో గుణిస్తే 154 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 13 ఆంపియర్లు. మీకు చెప్పిన డబ్బా 120 వాట్లదే. లోడు ఎక్కువై లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. లోడు మీద పావు వంతు కలుపుకొని 200 వాట్లది తీసుకోండి. రోహిణి కార్తెలో అటక మీద వేడికి డబ్బా పూర్తి వాట్లు ఇవ్వలేదు, ఆ పావు వంతు అందుకే.

ఇంకా కొనకపోతే 12 వోల్టులది కొనబాకండి, 24 వోల్టుల స్ట్రిప్పే, దానికి 24 వోల్టుల ఎస్ఎంపీఎస్సే అడగండి. 6 మీటర్లంటే పోనూ రానూ 12 మీటర్ల తీగ. 1.5 ఎస్‌క్యూ (చదరపు మిల్లీమీటర్ల) రాగి తీగలో 13 ఆంపియర్లు పారితే 2 వోల్టులు దారిలోనే పోతాయి, స్ట్రిప్‌కి అందేది 10. అదే 24 అయితే కరెంటు సగం, పోయేది 1 వోల్టే.

నెల్లూరు ఎల్ఈడీ:
పైన చెప్పింది కరెక్ట్. ఇంకోటి, రీళ్లు ఒకదాని తోక ఒకదానికి కలపబాకండి. స్ట్రిప్‌లో రాగి పొర పల్చన, చివరికి పోయేకొద్దీ వెలుగు తగ్గుతుంది, మొదట్లో వేడెక్కుతుంది. ఎదురెదురు మూలలు రెండు ఎంచుకొని, ఒక్కో మూల నుంచి రెండు గోడల వెంబడి రెండు ముక్కలు వదలండి. ఏ ముక్కా 4.3 మీటర్లు దాటదు. 5 మీటర్ల రీళ్లు నాలుగు చాలు, మూలల్లో మడవక్కర్లేదు. కత్తెర గుర్తు దగ్గరే కోయాలి. రెండు మూలలకీ ఎస్ఎంపీఎస్ నుంచి విడి విడిగా తీగల జతలు లాగండి, దూరం మూలకి 2.5 ఎస్‌క్యూ.

కావలి హాలు:
థాంక్స్ అన్నా. డిమ్మర్ పెట్టొచ్చా? మాకు ఉప్పుగాలి కూడా ఎక్కువ.

ఒంగోలు వైరింగ్:
డిమ్మర్ ఎస్ఎంపీఎస్‌కీ స్ట్రిప్‌కీ మధ్యలో, 24 వోల్టులకి పనిచేసేది, 10 ఆంపియర్లది. ఫ్యాను రెగ్యులేటర్ 230 వైపు పెడితే పనిచేయదు, డబ్బా కూడా పాడవుతుంది. డౌన్‌లైట్ డ్రైవర్ అసలు వాడబాకండి, దానిమీద 300 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది, అది వోల్టేజీని నిలబెట్టదు.

ఉప్పుగాలికి చిల్లుల డబ్బాలో బోర్డు తుప్పు పడుతుంది. మూసేసిన ఐపీ 67 రకం (దుమ్మూ నీళ్లూ చొరబడనిది) తీసుకోండి, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, పీవోపీలో పూడ్చబాకండి. ఎర్త్ తప్పనిసరి. చిల్లుల డబ్బానే కొంటే పక్కనుండే 110/230 స్విచ్ 230 వైపు ఉందో లేదో చూశాకే మెయిన్ వేయండి. స్ట్రిప్ తగిలించే ముందు మల్టీమీటర్ పెట్టి 24 వస్తోందో లేదో చూడండి.