పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లవాడు పక్కన ఉండాలా, వద్దా?

లెక్కల మాస్టారు:
మాది పల్నాడులో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. వచ్చేవారం పేరెంట్స్ మీటింగ్. నాది తొమ్మిదో తరగతి, 38 మంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా మొదటిసారి మెగా పీటీఎం పేరుతో ఈ పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడు తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగుడు, తర్వాత భోజనాలు. పండగలా జరిగింది, కాదనను. కానీ ఒక్కో పిల్లవాడి గురించి మాట్లాడటానికి నాకు మిగిలింది మూడు, నాలుగు నిమిషాలు. అప్పుడే నేను మార్కులు చదువుతుండగా ఒక తండ్రి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచాడు. అందరూ చూస్తుండగానే. అందుకే ఈసారి పిల్లల్ని బయట ఉంచుదామనుకుంటున్నాను. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ:
వద్దు మాస్టారూ, ఉండనివ్వండి. నేను పెద్దగా చదువుకోలేదు. ఇంట్లో ప్రోగ్రెస్ కార్డు చదివిపెట్టేది మావాడే. సి2 అంటే కింది గ్రేడని నాకేం తెలుసు, క్లాసులో రెండో ర్యాంకు అని చెప్పాడు. వాడికి ఇష్టమని ఆ రోజు గారెలు కూడా చేశాను! మీరూ నేనూ వాడూ ఒకచోట కూర్చుంటే ఇలాంటి కథలు నడవవు.

మూడో తరగతి టీచర్:
గారెల సంగతి చదివి నవ్వాపుకోలేకపోయాను. మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆ దెబ్బ పడింది పిల్లవాడు పక్కన ఉన్నందుకు కాదు, మీరు మార్కులతో మొదలుపెట్టినందుకు. మార్కుల రిజిస్టర్ ముందు పెట్టుకుంటే మార్కులు తప్ప ఇంకో మాట రాదు. నేను మీటింగ్‌కి పది రోజుల ముందు నుంచే రోజుకు ముగ్గురు పిల్లల నోట్‌బుక్కులు తిరగేసి ఒక్కొక్కరి మీద ఒక్క వాక్యం రాసుకుంటాను. ‘తెలివైనవాడే కానీ శ్రద్ధ లేదు’ లాంటిది కాదు, అది ఎవరికైనా సరిపోతుంది. ‘తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకుంటాడు, అక్కడ ఒకటి తగ్గించడం మరిచిపోతాడు’ అని. ఆ పేజీ తెరిచి చూపిస్తే చదువురాని తల్లికి కూడా ఎర్ర సిరా ఎక్కడుందో కనిపిస్తుంది. అప్పుడు కొట్టడానికి ఏముంది?

ఇంకొకటి. పత్తి ఏరే రోజుల్లో మీటింగ్‌కి రావడమంటే ఒక పూట కూలి పోగొట్టుకోవడమే. పనికి వెళ్లాల్సినవాళ్ల పేర్లు ముందే కనుక్కుని వాళ్లతో మొదట మాట్లాడి పంపించండి. సర్పంచి గారి ఉపన్యాసం వాళ్లు వినకపోయినా ఫరవాలేదు.

హైదరాబాద్ ప్రైవేట్ టీచర్:
నేను మాస్టారి వైపు. తల్లిదండ్రులు విడిగా ఉంటున్నారు, పిల్ల క్లాసులో మౌనంగా కూర్చుంటోంది. ఇది ఆ పిల్ల ముందు ఎలా అడుగుతాం? నోట్‌బుక్ పేజీ అక్కడ పనికిరాదు మేడమ్. పైగా మా దగ్గర వచ్చేవాళ్ల మొదటి ప్రశ్నే ‘ఫలానా అమ్మాయికి ఎంత వచ్చింది?’ అని. ఆ మాట పిల్ల చెవిన పడకపోతేనే మంచిది.

మూడో తరగతి టీచర్:
ఇంటి గొడవల సంగతి ఒప్పుకుంటాను. అలాంటివాళ్లను వేరే రోజు పిలవాలి, పక్కన నలుగురు వింటుండగా కాదు. కానీ ఆ ఒక్కరి కోసం మిగతా అందర్నీ బయట నిలబెడతామా? 2020 జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డులో పిల్లలు తమ గురించి తాము వేసుకున్న అంచనా కూడా ఉండాలంది. కార్డులో వాడి మాట కావాలి, గదిలో మాత్రం వాడు వద్దంటే ఎలా?

లెక్కల మాస్టారు:
సరే, రిజిస్టర్ బల్ల సొరుగులో పెట్టేస్తాను. నిన్నటి నుంచి నోట్‌బుక్కులు చూస్తున్నాను, రోజుకు ఆరు చొప్పున చూస్తే తప్ప తేలవు. ఇవాళ ఆ దెబ్బ తిన్నవాణ్ని పిలిచి, ‘ఈసారి పక్కన కూర్చుంటావా, బయట ఉంటావా?’ అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘కూర్చుంటాను సార్, కాకపోతే మధ్యలో మీరు కూర్చోండి’ అన్నాడు.