రోహిణి కార్తెలో ఏసీ సర్వీసు షాపు: మీ అనుభవాలు చెప్పండి

బెజవాడ చల్లగాలి:
గవర్నర్‌పేటలో చిన్న ఏసీ సర్వీసు షాపు నడుపుతున్నాను. విజిటింగు ఛార్జీ అడిగితే "ఏమీ బాగుచేయలేదు కదా" అనేవారితోనూ, ఎండలు ముదరగానే పక్క షాపుకు వెళ్ళిపోయే మెకానిక్కులతోనూ, ఏటా "గ్యాసు నింపండి, చాలు" అనే పాత కస్టమర్లతోనూ మీరెలా నెగ్గుకొస్తున్నారు?

కూకట్‌పల్లి మెకానిక్:
వాడకంతో తరగడానికి గ్యాసేమీ పెట్రోలు కాదని ఎన్నిసార్లు చెప్పినా వినరండీ. లీకు ఉంటేనే అది తగ్గుతుంది. పైపుల్లో నైట్రోజన్ పట్టించి, వాటిని కలిపే ఫ్లేరు నట్ల దగ్గర సబ్బు నురగ పూసి లీకు కళ్ళకు చూపిస్తే, ఒక పెద్దాయన "సబ్బు నీళ్ళకు ఇంత బిల్లా?" అన్నారు.

విశాఖ తీరం:
మీకు లీకులే, మాకు ఉప్పుగాలి కూడా. బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్లలో అవుట్‌డోర్ యూనిట్ల రెక్కలు చేత్తో తాకితే పొడిలా రాలిపోతాయి. "రాగి కాయిల్ అని చెప్పి అమ్మారు కదా" అని మమ్మల్నే నిలదీస్తారు. రాగి ఉండేది గొట్టంలోనేననీ, దానికి తొడిగిన రెక్కలు అల్యూమినియమనీ, రెండు లోహాల నడుమ ఉప్పు తేమ చేరితే ముందు తినేసేది అల్యూమినియాన్నేననీ గుమ్మంలో నిలబడి చెబితే వినే ఓపిక ఎవరికుంటుంది?

దోహా నుంచి కరీంనగర్:
గల్ఫులో పెద్ద పెద్ద భవనాలను చల్లబరిచే చిల్లర్లు నడిపి వచ్చినవాణ్ణి కనుక చెబుతున్నాను. మీరు చిన్న పనిని పెద్దది చేసుకుంటున్నారు. స్ప్లిట్ ఏసీ బిగించడానికి, పైపుల్లోని గాలీ తేమా లాగేసే వాక్యూమ్ పంపు మోసుకొని నిచ్చెన ఎక్కడం దండగ. యూనిట్‌లోని గ్యాసే కాస్త వదిలితే పైపులోని గాలి బయటికి పోతుంది. అంతటితో పని అయిపోతుంది.

కూకట్‌పల్లి మెకానిక్:
పెద్దలు మన్నించాలి, ఆ పద్ధతి ఆర్22 అనే పాత గ్యాసు కాలం నాటిది. ఆ గ్యాసుతో కొత్త ఏసీల తయారీయే మన దేశంలో 2025 జనవరి 1 నుంచి నిషేధం. ఇప్పటి ఆర్32 గ్యాసు యంత్రాల్లోని నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది, పైగా ఆ గ్యాసుకు కొద్దిగా అంటుకునే గుణం కూడా ఉంది. పంపు పెట్టి పైపులోని ఒత్తిడి 500 మైక్రాన్ల కిందికి దిగకుండా నేను గ్యాసు వాల్వు తెరవను.

దోహా నుంచి కరీంనగర్:
మైక్రాన్ల పాఠాలు నాకు వద్దు. నేను బిగించిన ఏసీలు నేటికీ చల్లగానే నడుస్తున్నాయి. మీరు పంపు పెట్టి కూర్చునే సేపట్లో నేను రెండో ఇంటికి చేరుకుంటాను.

కూకట్‌పల్లి మెకానిక్:
ఆ రెండో ఇంటివారే కంప్రెసర్ పోయిందని మాకు ఫోను చేస్తున్నారు.

రాజమండ్రి బోర్డు డాక్టరు:
మీ పోట్లాట మీరు కానివ్వండి. మా దగ్గర సగం ఇన్వర్టర్ ఏసీలను చంపేది బల్లులే. పీసీబీ అనే సర్క్యూట్ బోర్డు మీద పాకి, అదీ చచ్చి, బోర్డునూ చంపుతుంది. వారంటీ వర్తించదని చెబితే ఒక అమ్మగారు, బల్లి బోర్డు మీద పడితే ఫలితమేమిటో పంచాంగంలో లేదే అన్నారు. ధననష్టమని నేనే చెప్పి వచ్చాను.

ఒంగోలు లెక్కలు:
మా షాపు బిల్లులు చూసేది నేను. 2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. సర్వీసు మీద ముందు నుంచీ 18 శాతమేనన్నా వినకుండా, మా లేబరు బిల్లులోనూ పది శాతం కోయమన్నవారు ఉన్నారు. విజిటింగు ఛార్జీ సంగతి మేము ఫోనులోనే చెప్పేస్తాము, రిపేరు చేయించుకుంటే బిల్లులో తగ్గిస్తాము. అప్పుడు గుమ్మం దగ్గర గొడవ ఉండదు.

విశాఖ తీరం:
వాక్యూమ్ గురించి కూకట్‌పల్లి గారి మాటే సరైనది. డబుల్ స్టేజి పంపు తక్కువ ధరకు ఎక్కడైనా దొరుకుతుందా?

దోహా నుంచి కరీంనగర్:
నా దగ్గర ఒకటి ఉంది. ఒక్కసారీ వాడలేదు, పెట్టె కూడా విప్పలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి.