అప్‌డేట్: వాడిన గద్వాల చీర తీసుకోవచ్చా అని అడిగింది నేనే

ఆషాఢం సేల్స్‌కి పోకుండా ఎవరైనా వాడిన పట్టుచీర కొనుక్కోవచ్చా, జరీ మంచిదో కాదో ఎలా చూడాలి అని అప్పుడు అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. కొన్నాను!

మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ బీరువా ఖాళీ చేస్తుంటే నిమ్మపండు రంగు గద్వాల దొరికింది. ఒళ్లంతా కాటన్, అంచు, పల్లూ పట్టు. మీరన్నట్టే చీర మొత్తం విప్పి వెలుతురుకు పట్టి చూశాను. కాటన్, పట్టు కలిసే చోట పోగులు ఎక్కడా విడిపోలేదు. గద్వాలలో ముందు చూడాల్సింది అదే. పల్లూ మడతల దగ్గర మాత్రం పట్టు కాస్త పలచబడింది, అది చూపిస్తే ఆంటీయే ధర తగ్గించారు. చివర వేలాడుతున్న జరీ పోగును గోటితో గీకితే లోపల ఎర్ర దారం కనిపించింది. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది. కానీ ఎర్ర దారం నకిలీలోనూ ఉంటుంది కాబట్టి జరీకి విడిగా ధర కట్టలేదు, చీర నచ్చి తీసుకున్నాను.

చీరకు 1,800, ఫాల్, రోలింగ్, కొత్త బ్లౌజ్ కుట్టుకూలి వేరే. అన్నీ కలిపినా సేల్‌కని పక్కన పెట్టిన డబ్బులో సగం కూడా కాలేదు. మిగిలింది అమ్మకిచ్చేశాను, నా దగ్గరుంటే ఖర్చయిపోతుంది. ఇప్పుడు చీరను పాత కాటన్ పంచెలో చుట్టి పెట్టాను, అప్పుడప్పుడూ మడత మారుస్తున్నాను. వరలక్ష్మీ వ్రతానికి ఇదే కడతాను.