మిడిమేలపు దొరా, మిడిమేళపు దొరా?

చేనుగట్టు: నార్త్ డకోటా గవర్నర్ లిన్ ఫ్రేజియర్ మీద వ్యాసం రాస్తున్నాను. అమెరికాలో రీకాల్ ఓటుతో ప్రజలు దించేసిన మొదటి గవర్నర్ ఆయన, 1921లో. హూపుల్ దగ్గర రైతు. మినియాపోలిస్ వ్యాపారులు గోధుమకు గ్రేడు తగ్గించి ధర కోస్తుంటే, కడుపుమండిన రైతులు నాన్‌పార్టిజాన్ లీగ్ అనే రాజకీయ సంఘం కట్టి 1916లో ఆయన్ని గద్దెనెక్కించారు. వ్యాసం పైన సుమతీ పద్యం పెడదామని: ‘అడిగిన జీతంబియ్యని మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్, వడిగల యెద్దుల గట్టుక మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ.’ ‘మిడిమేలపు దొరను గొల్చి’నా, ‘మేళపు’నా? రెండూ చూశాను.

పద్యప్రియ: లకారమే. మిడిమేలం అంటే పొగరు. బళ్లో చెప్పిన తాత్పర్యమూ ‘గర్వి అయిన ప్రభువు’ అనే.

గణవిభజన: తాత్పర్యం అక్షరాన్ని తేల్చదండీ. ప్రాస డకారం, యతి మి-మి. ల అయినా ళ అయినా గణం చెడదు. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

గోదారిగట్టు: నన్నడిగితే ళకారం. మిడిసిపాటులో ఉన్న ‘మిడి’కి మేళం చేరింది. ఎగిరిపడే మేళం వెంటేసుకు తిరిగే దొర అన్నమాట.

పద్యప్రియ: ఊహ బాగుంది గానీ ఇంకో ప్రయోగం చూపించండి.

పాతపంతులు: మీరు ‘అడిగిన’ దగ్గర ఆగకుండా వెళ్లిపోయారు. అడిగినంత జీతమా, అడిగినప్పుడు జీతమా? డకోటా రైతు అడిగింది న్యాయమైన తూకం, గ్రేడు. నాకైతే ‘అడిగినంత’ అనే అర్థమే నిలుస్తుంది.

భాగవతాభిమాని: ఎద్దులూ మడీ అన్నాక పోతన లేకుండా ఎలా? ‘సత్కవుల్ హాలికులైన నేమి’ (మంచి కవులు నాగలి పడితే మాత్రమేం) ముందు సుమతీ పద్యం లోకజ్ఞానమే. ఆ ‘నేమి’లో ఉన్న ధీమా చూడండి, కావ్యకన్యను గూళలకు, అంటే నీచులకు, అమ్మనన్న మనిషి ధీమా అది!

గణవిభజన: అది చాటువు, నోటినోటా తిరిగిన విడి పద్యం. పోతనదేనని ఎలా చెప్పగలం?

భాగవతాభిమాని: ఆ గొంతు ఇంకెవరిదవుతుంది?

చేనుగట్టు: పంతులుగారూ, మీ అర్థమే నాకు పనికొస్తుంది. దొరను వదిలి మడి దున్నుకోమంటుంది పద్యం. ఈ రైతులు దొరతనమే చేతికి తీసుకున్నారు. 1919లో ప్రభుత్వ బ్యాంకు పెట్టారు, పిండిమిల్లుకు చట్టం చేశారు. యుద్ధం తర్వాత పంట ధరలు కూలి, బ్యాంకు బాండ్లు అమ్ముడుపోక, 1921 అక్టోబరు 28న సుమారు 4 వేల ఓట్ల తేడాతో ఫ్రేజియర్ ఓడారు. కానీ బ్యాంకును ఎత్తేసే ప్రతిపాదనను అదే రోజు అదే ఓటర్లు తిప్పికొట్టారు. ఏడాది తిరిగేసరికి ఆయన్నే సెనేట్‌కు పంపారు. దివాలా తీసిన రైతు చేతిలో భూమి నిలిపే 1934 చట్టం మీద ఆయన పేరుంది.

పాతపంతులు: అలాగైతే ‘మడి దున్నుక’ కన్నా ‘మిడుకుట’ ముఖ్యం. అది ఉత్త బాధ కాదు, నోరెత్తలేక లోలోపల కుమలడం.

పద్యప్రియ: కుమలడం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? మిడుకు అంటే అవస్థపడు, అంతే.

గోదారిగట్టు: ళకారం వేసిన పాత అచ్చుప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి, మిడుకు సంగతి తర్వాత.