అప్‌డేట్: పాప 25ను 52 అని రాయడానికి కారణం తెలిసింది

మహారాష్ట్రలోని సిరొంచలో మరాఠీ మాధ్యమంలో రెండో తరగతి చదివే మా పాప అంకెలను తారుమారు చేస్తోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. కళ్ల పరీక్షలో లోపమేమీ కనబడలేదు. తెలుగు, మరాఠీ రెండు భాషల్లోనూ సంఖ్యలు చెప్పి రాయించమన్న సూచనతోనే గుట్టు తెలిసింది: ‘ఇరవై అయిదు’ అంటే తడుముకోకుండా 25 వేసిన పిల్ల, మరాఠీలో ‘పంచవీస్’ (అయిదూ ఇరవై) అనగానే ముందు వినబడిన అయిదునే ముందు వేసింది. ఈ మాట టీచరుకు చెబితే, 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో చేర్చిన, తెలుగులోలాగే పదులను ముందు చెప్పే ‘వీస్ పాచ్’ (ఇరవై అయిదు) పద్ధతిని (అప్పట్లో దానిపై పెద్ద రగడే జరిగింది) కొన్నాళ్లు వాడారు. ఇంట్లో నానమ్మ చింతగింజలను పదేసి కుప్పలు పోయించి, రెండు భాషల్లోనూ లెక్కపెట్టించింది. నెలన్నరగా తారుమారు లేదు. ‘నలభైకి ఒకటి తక్కువ’ అనే అర్థమిచ్చే ‘ఎకోణ్‌చాళీస్’ దగ్గర మాత్రం ఇంకా ఆగి, వేళ్లు చూసుకుంటోంది.