ఇసుక మెరక మీద ఫిల్టర్ పాయింట్: ఎంత లోతులో ఆపాలి?

కోనసీమలో, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపున్న కొబ్బరి తోటలో తాగునీటికి ఫిల్టర్ పాయింట్ (ఇసుకలోకి దించే, అడుగున చిల్లులున్న సన్న గొట్టపు బావి) దించాలి. చోటు దాదాపు ఖాయమే. సందేహమంతా లోతు దగ్గరే.

తోటలో తీరానికి సమాంతరంగా ఇసుక మెరక ఉంది, పక్క పల్లం కంటే నాలుగడుగుల ఎత్తు. దాని మీద సరుగుడు, జీడిమామిడి ఏపుగా పెరిగాయి. పల్లంలో మాత్రం బంకమట్టి. ఎండాకాలం వస్తే నేల మీద తెల్లగా ఉప్పు పొర తేలుతుంది, వేలితో గీస్తే పొడిపొడిగా రాలుతుంది. అందుకే మెరక నడుమనే గుర్తు పెట్టాం.

సముద్ర మట్టం కంటే నీటి మట్టం ఒక అడుగు ఎత్తులో ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మేర మంచినీరు ఉప్పునీటి మీద తేలుతుందని లెక్క. అది నీరు కదలకుండా ఉన్నప్పటి మాట. పంపు గట్టిగా లాగితే పాయింట్ కిందే ఉప్పునీరు పొంగుతుంది. ఒకసారి ఎక్కితే అంత తేలిగ్గా దిగదు.

మెరక మీది నూతిలో మే నెలాఖరున టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) లీటరుకు 620 మిల్లీగ్రాములు, నీరు 7 అడుగుల లోతులో ఉంది.

25 అడుగుల పాయింట్ ఒకటి మేలా, లేక 15 అడుగులవి మూడు దూరదూరంగా వేసి ఒకే అరహెచ్‌పీ పంపుకు కలపడం మేలా? మూడింట్లో ఒక్క అతుకు గాలి పీల్చినా పంపు నీరెత్తదు, అదీ భయమే. సన్న ఇసుకకు నైలాన్ వల ఎన్ని చుట్లు చుట్టాలి? 150 మీటర్లలో రొయ్యల చెరువు ఉంది. దాని ఊట మెరక దాకా వస్తుందా? దయచేసి చేసినవాళ్లు చెప్పండి, పిల్లలు తాగే నీళ్లివి.