పాత ఈస్ట్ అంటగట్టారు, షాపులో ఎలా మాట్లాడాలి?

నమస్కారమండీ. ఇంట్లో బీర్ కాచుకునేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సలహా చెప్పండి. ఎప్పుడూ సామాన్లు కొనే షాపులోనే పోయిన వారం లిక్విడ్ ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవులున్న ద్రవం) తీసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అది తయారై 5 నెలలైంది. పైగా ఫ్రిజ్‌లోంచి కాదు, కౌంటర్ మీది బుట్టలోంచి తీసిచ్చారు. ప్యాకెట్ చేతికి గోరువెచ్చగా తగిలింది, అప్పుడే అడగాల్సింది. వోర్ట్‌లో (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నుంచి తీసిన తీపి రసం) కలిపి 3 రోజులైనా ఎయిర్‌లాక్‌లో (గ్యాస్ బయటికి పోయే మూతలో) ఒక్క బుడగ లేదు, చక్కెర ఎంత ఉందో చూపే హైడ్రోమీటర్ 1.050 దగ్గరే ఉండిపోయింది, అంటే పులియడమే మొదలవలేదు. చివరికి 11.5 గ్రాముల డ్రై ఈస్ట్ వేశాకే కదిలింది.

షాపాయనకి ఫోన్ చేస్తే "మీరే గిన్నెలు, సామాన్లు శుభ్రంగా కడుక్కోలేదేమో" అన్నారు. ఆ మాటకే బాధేసింది. మొదట్లో ఆయనే మాల్ట్ ఎంత బరకగా పట్టాలో, పొట్టు పిండి కాకుండా ఎందుకు చూడాలో అరగంట నిలబడి ఓపిగ్గా చూపించారు. అందుకే ఆ షాపు వదులుకోవాలని లేదు.

తేదీ ఫోటో, రీడింగులు చూపించి డబ్బు వెనక్కి అడగొచ్చా? పాత ప్యాకెట్ అయితే లీటరు నీళ్లకు 100 గ్రాముల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడితో స్టార్టర్ (ఈస్ట్‌ను ముందే పెంచుకునే చిన్న ద్రావణం) చేసుకోమని వాళ్లే ముందు చెప్పాలి కదా? మీకిలా జరిగితే ఏం చేశారు?